రథం మీద పటం, గోడ మీద పటం

మా కోనసీమలో పెద్దవాళ్లకి ఫొటో అన్నా పటమే, దేవుడి బొమ్మ అన్నా పటమే. గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం, కాస్త కిందగా తాతగారి పటం. రెండింటికీ ఒకటే గుడ్డతో దుమ్ము దులపడం, ఒకటే అగరొత్తి. "పటం కట్టించాలి" అంటే అద్దం బిగించి, చుట్టూ చెక్క చట్రం వేయించి, వెనకాల అట్టకి మేకులు కొట్టించడం. ఫొటో అన్న మాటలో లేని మర్యాద పటం అన్న మాటలో ఉంది. పటంలో మనిషి కదలకూడదు. పళ్లు కనిపించకూడదు. కుదురుగా, మన వైపే చూస్తూ ఉండాలి.

ఇప్పటి పిల్లలకి సరిగ్గా ఆ కుదురే గిట్టదు. మా అమ్మాయి లెక్కలో నిలబెట్టి తీసిన ఫొటో అబద్ధం, చెప్పకుండా తీసింది నిజం. పెళ్లిళ్లకి ఫొటోగ్రాఫర్లు కూడా ఇప్పుడు రెండు రకాలు కదండీ. ఒకాయన వరసపెట్టి బంధువుల్ని నిలబెట్టి తీసేవాడు, ఇంకొకాయన "క్యాండిడ్". ఆ రెండో ఆయన రేటే ఎక్కువ. తీరా చూస్తే ఆయన పెళ్లికూతురితో అనే మాట, "మేడమ్, ఇటు చూడకండి, నేను లేనట్టే నవ్వండి." లేనట్టు నవ్వమని చెప్పి నవ్వించిన నవ్వుకి ఎక్కువ డబ్బు! గోదావరి గట్టు మీద సాయంత్రం పూట ఈ నవ్వులు మేం రోజూ చూస్తూనే ఉంటాం.

ఈ నిజం, అబద్ధం గొడవ మా ఇంట్లో వచ్చినప్పుడల్లా నాకు మా ఊరి రథం గుర్తొస్తుంది.

వాడపల్లి అంటే చాలామందికి శనివారాలు. ఏడు శనివారాలు వచ్చి, ఏడేసి ప్రదక్షిణలు చేస్తే వెంకన్నబాబు కోరిక తీరుస్తాడని నమ్మకం. ఆ రోజు ఊళ్లో గోదావరి కన్నా జనమే ఎక్కువ. కానీ అంతమందిలో ఈ స్వామి రథోత్సవంలో ఒక పటం కోసం తుపాకులు పేలాయని తెలిసినవాళ్లు ఎంతమంది?

1931 మార్చి 30. ఆ నెల 5న గాంధీగారికీ వైస్రాయ్ ఇర్విన్‌కీ ఒప్పందం కుదిరి, శాసనోల్లంఘన ఆగింది. 23న లాహోర్‌లో భగత్‌సింగ్‌నీ, రాజగురునీ, సుఖదేవ్‌నీ ఉరి తీశారు. నెలాఖరుకి కరాచీలో కాంగ్రెస్ మహాసభ నడుస్తోంది. ఇక్కడ వాడపల్లిలో రథోత్సవం. స్వామివారితో పాటు రథం మీద గాంధీగారి పటం పెట్టారు, జాతీయ జెండా కట్టారు. తీసెయ్యమన్నారు పోలీసులు. తియ్యం అన్నారు జనం. కాల్పులు జరిగాయి. దేవుడి రథం లాగడానికి వచ్చినవాళ్లలో నలుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

గాంధీగారు ఆ రోజు కరాచీలో ఉన్నారు. వాడపల్లిలో ఉన్నది చట్రంలో బిగించిన కాగితం ఒక్కటే. దొరతనానికి ఆ కాగితమే ఎక్కువైపోయింది. పోలీసులకి బహుశా కోపం తెప్పించింది గాంధీ బొమ్మ కన్నా ఆ బొమ్మ ఉన్న చోటు. బజార్లో అమ్ముకునే పటాన్ని తీసుకొచ్చి స్వామి పక్కన కూర్చోబెట్టారు. అది కూడా ఒక పోజే కదా. ఎవరి పక్కన ఎవరు, ఎంత ఎత్తులో, ఎవరి వైపు చూస్తూ. పెళ్లి ఫొటోలో పెద్దత్తగారిని చివర నిలబెడితే ఎంత యుద్ధం జరుగుతుందో మనకి తెలియనిదా! వాడపల్లి జనం ఆ రోజు తీసినది ఫొటో కాదు గానీ, ఎక్కడ ఎవరిని కూర్చోబెట్టాలో వాళ్లకి బాగా తెలుసు.

ఆ పటాల సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రాలు పెట్టి దేవుళ్ల బొమ్మలు వేయించాక, పేదవాళ్ల ఇంటికి కూడా లక్ష్మీ సరస్వతులు పటాలై వచ్చారు. అదే దారిలో తరవాత దేశనాయకులు వచ్చారు. ఫొటో చూసి గీసిన బొమ్మలు, బుగ్గలకి ఎరుపు, వెనకాల ఆకాశం. అచ్చమైన ఫొటో కాదు, అలాగని కల్పన కూడా కాదు. మన గోడల మీద నిజానికి ఎప్పుడూ కొంచెం రంగు అద్దే ఉండేది.

గాంధీగారివే తీసుకోండి. ఉప్పు సత్యాగ్రహం అనగానే అందరి కళ్లలో మెదిలే ఫొటో ఒకటుంది. వంగి, చేత్తో ఉప్పు తీస్తున్నారు, పక్కన ఆడవాళ్లు. దండిలో ఉప్పు తీసిన రోజు 1930 ఏప్రిల్ 6. ఆ ఫొటో మాత్రం ఏప్రిల్ 9న, భీమ్‌రాడ్ అనే మరో ఊళ్లో తీసింది. పాఠ్యపుస్తకాల నిండా ఉన్న ఆ "క్షణం" అసలు క్షణం దాటిపోయిన మూడు రోజులకి వచ్చిందన్నమాట. ఈ సంగతి చెప్పగానే మా అమ్మాయి "చూశావా అమ్మా, స్టేజ్ చేశారు" అంది. నేను ఒప్పుకోలేదు. ఆయన భీమ్‌రాడ్‌లో తీసింది కూడా నిజం ఉప్పే, ఉల్లంఘించిందీ అదే చట్టం. నేను రోజూ చేసే వంటనే చుట్టాల ముందు ఇంకోసారి చేస్తే అది నాటకం అవుతుందా? రెండోసారి వంగినంత మాత్రాన ఉప్పు చప్పబడదు.

ఆయనకి మాత్రం ఫొటో కోసం నిలబడటం ఇష్టం ఉండేది కాదు. మనవడి వరస అయిన కనూ గాంధీ ఆశ్రమంలో ఫొటోలు తీస్తానంటే మూడు షరతులు పెట్టారు. ఫ్లాష్ వాడకూడదు. ఇటు తిరగండి, అటు చూడండి అని అడగకూడదు. ఆశ్రమం డబ్బు ఇవ్వదు. అలా 1938 నుంచి పదేళ్లు తీసిన ఫొటోల్లో ఆయన రాసుకుంటూ ఉంటారు, తూకం చూసుకుంటూ ఉంటారు, కస్తూర్బాతో ఉంటారు. నాకు అన్నిట్లోకీ ఇష్టమైనవి అవే. 1946లో అమెరికా నుంచి మార్గరెట్ బర్క్‌వైట్ వచ్చినప్పుడు ఇంకా తమాషా జరిగింది. రాట్నం ముందు ఫొటో తియ్యాలంటే ముందు రాట్నం తిప్పడం నేర్చుకోవాలన్నారు ఆశ్రమంవాళ్లు. నేర్చుకుంది పాపం. మూడంటే మూడు ఫ్లాష్ బల్బులకి అనుమతి. రెండు వృథా అయ్యాయి, మూడోది పనిచేసింది. లోకమంతా చూసిన రాట్నం ఫొటో అది. అది పోజా, అప్పటికప్పుడు తీసినదా? పని ఆయనది, వేళ ఆయనది, బల్బు ఆమెది.

ఇక మన అమ్మమ్మలు, మామ్మలు ఫొటోల్లో ఎందుకు నవ్వలేదన్న సంగతికి వద్దాం. 1839లో ఫొటో పద్ధతి లోకానికి తెలిసింది. మరుసటి ఏడే కెమెరాలు మన దేశానికి వచ్చాయి. మొదట్లో ఒక బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది. తల కదలకుండా వెనకాల ఇనప కొయ్యతో పట్టి ఉంచేవారు. 1851 తరవాత గాజుపలక మీద తడి రసాయనం పూసే పద్ధతి వచ్చి అది కొన్ని సెకన్లకి తగ్గింది. కొన్ని సెకన్లయినా సరే, నవ్వు అలాగే పట్టుకుని ఉండండి చూద్దాం, ఏడుపు మొహం వచ్చేస్తుంది. తరవాత వేగంగా తీసే పలకలు వచ్చినా బిగుసుకుని కూర్చునే అలవాటు మాత్రం పోలేదు. దానికి కారణం యంత్రం కాదు. జన్మకి ఒక్కసారి పడే పటం అది. దానికి నవ్వేది ఎవరు?

ఆడవాళ్లకైతే కెమెరా ముందు కూర్చోవడమే గగనం. పరాయి మగవాడు, పైగా నల్లగుడ్డ కప్పుకుని మనల్నే చూస్తూ! ఇక్కడే నాకు హైదరాబాద్ కథ ఎంతో నచ్చుతుంది. లాలా దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ ఫొటోలు మొదలుపెట్టి, 1886లో సికిందరాబాద్‌లో స్టూడియో తెరిచారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు, రాజా అన్న బిరుదు తెచ్చుకున్నారు. ఆయన తీసిన నవాబులు, దొరలు, వేటలు, విందులు అన్నీ కొలిచి అమర్చినవే. కుర్చీ దగ్గర నుంచి కత్తి వాలు దాకా లెక్క ఉంటుంది. ఆ గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

కానీ నాకు కావలసింది నవాబులు కాదు. 1892లో ఆయన హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే వేరే స్టూడియో పెట్టారు. జెనానా స్టూడియో. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల మగపురుగు లేదు. నడిపింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ. ఘోషా ఇళ్ల ఆడవాళ్లు పల్లకీల్లో, తెరల బళ్లలో అక్కడికి వచ్చి, లోపలికి వెళ్లాక తెర తీసి, ఇష్టమైన చీరలో, ఇష్టమైన నగలతో కూర్చోవచ్చు. ఒక్కసారి ఊహించండి. బయటి వెలుగు పడని మొహం మీద మొదటిసారి కెమెరా కోసం వెలుగు పడుతోంది. ఎలా కూర్చోవాలో, గడ్డం ఎంత ఎత్తాలో మరో ఆడమనిషి చెబుతోంది. ఆ ఫొటోని పట్టుకుని "ఇది పోజు, ఇది అబద్ధం" అని నేను అనలేను. అంతకన్నా నిజం ఆమె జీవితంలో ఇంకేముందని!

మా అత్తగారి అమ్మగారి పటం ఒకటుంది మా ఇంట్లో. స్టూడియోలో తీసింది. వెనకాల గుడ్డ మీద గీసిన మెట్లు, పూలకుండీ. కుర్చీలో ఆవిడ, పక్కన నిలబడి ఆయన. "బతికున్నన్నాళ్లూ మా అమ్మ నాన్నగారి ముందు కుర్చీలో కూర్చోవడం నేను చూడలేదే, ఈ పటంలో తప్ప" అంటారు మా అత్తగారు. ఆయన తిన్నాక విస్తరి తీసి, పొయ్యి అలికి, ఆఖర్న తినే మనిషి. ఎవరైనా చెప్పాపెట్టకుండా ఆ ఇంట్లో కెమెరా పట్టుకుని తిరిగి ఉంటే ఆవిడ వీపు దొరికేది, పొగ దొరికేది. అది నిజం కాదా అంటే నిజమే. కానీ ఆవిడని అడిగి ఉంటే గోడ మీదకి ఏది ఎక్కాలంటుంది?

ఇదే అమరిక కింద ఎంత ఘోరం దాగుతుందో కూడా మన దగ్గరే జరిగింది. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాష్ట్రంలో మహాకరువు. కర్నూలు, కడప, బళ్లారి వైపు ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. మా డెల్టాకి 1852 నాటికే ధవళేశ్వరం ఆనకట్ట వచ్చి ఉండబట్టి గండం తప్పింది. అప్పుడు మద్రాసు సైన్యంలో విలోబీ వాలెస్ హూపర్ అనే ఆఫీసరు ఉండేవాడు. ఎముకలు తేలినవాళ్లని, పిల్లల్ని, తల్లుల్ని గుంపుగా వరసలో కూర్చోబెట్టి, అచ్చం కుటుంబ చిత్రంలాగా ఫొటోలు తీశాడు. ఆల్బముల్లో అతికించుకున్నారు వాటిని. తల పట్టుకోలేని మనిషికి పోజు! ఆ ఫొటోల వల్లే కరువు ఎలాంటిదో లోకానికి తెలిసిందని కొందరంటారు, అదీ కొట్టిపారేయలేం. కానీ నేను వాటిని ఒకసారి చూసి మళ్లీ చూడలేకపోయాను. అందులో ఒక తల్లి చూపు కెమెరా వైపు లేదు.

సరే, అమర్చడమే తప్పు, ఆ క్షణాన్ని పట్టుకోవడమే న్యాయం అందామా? ఈ హూపర్‌దే మిగతా కథ వినండి. 1886లో మాండలేలో బర్మా ఖైదీల్ని కాల్చి చంపేటప్పుడు, సరిగ్గా గుండు తగిలే క్షణం ఫొటోలో పడాలని వీడికి కోరిక. తుపాకులు ఎక్కుపెట్టమని చెప్పి, కెమెరా సిద్ధమయ్యేదాకా కాల్చే ఆజ్ఞ ఆపాడు. విలాయత్‌లో గోల పుట్టి, విచారణ జరిగి, మందలింపు పడింది. పోజు పిచ్చీ వాడిదే, క్షణం పిచ్చీ వాడిదే. స్నాప్‌షాట్ అన్న మాట కూడా వేటగాళ్లదేనట, గురి చూడకుండా గభాలున పేల్చే దెబ్బ. 1860లో హెర్షెల్ అనే శాస్త్రవేత్త దాన్ని ఫొటోలకి అంటించాడు. 1888లో కొడాక్ వచ్చాక ఆ పేల్చడం ఇంటింటి పని అయిపోయింది.

ఇంత బరువైన సంగతుల మధ్య మా పక్కూరి ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. పులిదిండి మా ఆత్రేయపురం మండలంలోదే. 1967లో వచ్చిన బాపుగారి మొదటి సినిమా "సాక్షి" అక్కడే తీశారు. సెట్టింగులు లేవు, ఊరే సెట్టింగు. కృష్ణగారికీ విజయనిర్మలగారికీ మీసాల కృష్ణుడి గుడిలో పెళ్లి పాట తీస్తుంటే, రాజబాబు "ఇది మహిమ గల గుడి, మీకు నిజంగానే పెళ్లవుతుంది" అని వేళాకోళం చేశాడని వాళ్లే తరవాత చెప్పుకుంటూ వచ్చారు. రెండేళ్లకి నిజంగానే చేసుకున్నారు. సహజంగా ఉండాలని ఊరికి వచ్చి తీసిన సినిమాలో కల్పించిన పెళ్లి నిజమై కూర్చుంది! అప్పటికే కృష్ణగారికి ఇందిరగారితో పెళ్లయి ఉంది, ఆ సంగతి కూడా ఇదే చరిత్రలో భాగం. ఫ్రేములో పట్టని మనిషి ఒకరు ఎప్పుడూ ఉంటారు. కెమెరా ముందు నిలబడ్డ విజయనిర్మలగారు తరవాత కెమెరా వెనక్కి వెళ్లి, అత్యధిక సినిమాలకి దర్శకత్వం చేసిన మహిళగా గిన్నిస్ పుస్తకానికెక్కారు. ఆ భాగం నాకు పెళ్లి కన్నా ఇష్టం.

కెమెరా వెనక్కి వెళ్లిన ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి హొమాయ్ వ్యారావాలా గురించి. 1913లో గుజరాత్‌లోని నవసారిలో పుట్టిన పార్సీ ఆవిడ, మన దేశంలో మొదటి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్. చీర కట్టుకుని, బరువైన కెమెరా మోసుకుంటూ ఢిల్లీలో మగవాళ్ల గుంపులో తిరిగేది. నెహ్రూ అమర్చుకోని నెహ్రూ ఆవిడ ఫొటోల్లో దొరుకుతాడు. 1948 జనవరి 30న గాంధీగారి ప్రార్థన సభకి బయల్దేరిందట. భర్త వెనక్కి పిలిచి రేపు కలిసి వెళ్దామన్నాడు. ఆ రేపు రాలేదు. అప్పటికప్పుడు తియ్యడంలో అంత ఆరితేరిన మనిషి 1970లో కెమెరా పక్కన పెట్టేసింది. కొత్తగా వచ్చిన ఫొటోగ్రాఫర్లకి మర్యాద తెలియదని, అలాంటివాళ్ల మధ్య ఉండలేనని. మా రోజుల్లో కొన్ని నియమాలు పాటించేవాళ్లం అనేది. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు, మరుసటి ఏడు వెళ్లిపోయింది. మన వాట్సాప్ గుంపుల్లో భోజనాల దగ్గర నోట్లో ముద్ద పెట్టుకుంటున్న ఆడవాళ్ల ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తుంది.

మా అమ్మాయితో నాకు ఇంకా తెగని పేచీ ఇక్కడే. చెప్పకుండా తీసినది నిజమే కావచ్చు, కానీ ఆ నిజం ఎవరిది? తీసినవాళ్లదా, పడినవాళ్లదా? చంటిపిల్లల ఫొటోలు చెప్పకుండానే తియ్యాలి, వేరే దారి లేదు. పనిలో మునిగిన మనిషి ఫొటో ఎంతో బావుంటుంది, ఆ మనిషికి చూపించి సరే అనిపించుకుంటే. పాతికేళ్లు వంటింట్లో గడిపిన నాకు వంటింట్లో నా ఫొటో ఒక్కటి కూడా లేదని మొన్న లెక్క చూసుకున్నాను. ఉన్నవన్నీ గుమ్మం దగ్గర, పట్టుచీరలో. రెండూ నేనే. ఒక్కటే పటం కట్టించి, రెండోది ఉందని కూడా తెలియకుండా పోతే మాత్రం నాకు బాధే.

పల్లెల్లో ఇంకో బాధ ఉంది, మీ ఇళ్లలోనూ చూసే ఉంటారు. పెద్దావిడ పోతే పెద్దకర్మ నాటికి పటం కావాలి. వెతికితే ఆవిడ ఒంటరిగా ఉన్న ఫొటో ఒక్కటీ దొరకదు. ఎవరి పెళ్లిలోనో వెనక వరసలో సగం మొహం. దాన్నే కత్తిరించి, పెద్దది చేయించి, మెడ పక్కన ఎవరి చెయ్యో చెరిపించి, నుదుటన బొట్టు దిద్దించి చట్రం కట్టిస్తారు. ఎనభై ఏళ్ల బతుక్కి చివరికి మిగిలే పటం స్టూడియో కుర్రాడి చేతి పని.

మా అత్తగారు ఇది చాలాసార్లు చూశారు. పోయిన కార్తీకంలో ఒక పొద్దున్న తలంటు పోసుకుని, ముదురు పచ్చ నేతచీర కట్టుకుని, వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మనవరాలిని పిలిచి ఫోన్ తెమ్మన్నారు. "నవ్వు మామ్మా, మామూలుగా ఉండు" అంది మా అమ్మాయి. "నేను మామూలుగానే ఉన్నానే. నువ్వు సరిగ్గా తియ్యి" అన్నారు ఆవిడ. నాలుగు తీసింది. కళ్లజోడు తెప్పించుకుని నాలుగూ చూసి, మూడోది బావుందన్నారు.